ఈగల మచ్చలు

మా ఇంట్లో రెండు దేవుని పటాలకు ఉన్నటువంటి అద్దాలు ఇంకే దేవుడికీ ఉండి ఉండవు. ఒకప్పుడు ఆ అద్దాల మీద వేల గెలాక్సీలు ఉండేవి. ఇప్పుడు ఒకదాని వెనక లక్ష్మీదేవి, ఇంకోదాని వెనక మార్కండేయుడు ఉన్నారు. ఇంటికొచ్చినవాళ్ళు వాటికి దండం పెట్టుకొని పోతారు. నాకు మాత్రం చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మంట అనేది తేల్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మేం నేతపనివాళ్ళం. ఓరుగల్లు మట్టెవాడలో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మగ్గం, వెనక గదిలో మేం. బాపు చేనేత సొసైటీకి దుప్పట్లు, జంపఖానాలు నేసేవాడు. ఒకసారి సొసైటీలో సరుకు చూసే మనిషి అంగుళానికి పోగులు తక్కువున్నాయని దుప్పటి వెనక్కి పంపాడు. బాపుకు రోషమొచ్చి, పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం ఒకటి తనే కొనుక్కొచ్చాడు. ఇత్తడిది, మూడు మడతలుగా ముడుచుకుంటుంది. విప్పి బట్ట మీద నిలబెడితే కింద అంగుళం కిటికీ, పైన అద్దం. ఆ కిటికీలో కనబడే పోగులను ఒక్కొక్కటే లెక్కపెట్టాలి. బాపు చూపు అప్పటికే తగ్గింది కాబట్టి ఆ పని నాకు వచ్చింది. నేను లెక్కపెట్టి పంపిన దుప్పటి మళ్ళీ ఎన్నడూ వెనక్కి రాలేదు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకుంటే అనుకోండి. నా బతుకులో గొప్పగా చెప్పుకోవడానికి పెద్దగా మిగిలింది కూడా లేదు.

అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్ళం. నూలు ఉడకబెట్టడం, రంగు వేయడం, కండెలు చుట్టడం అవ్వ పని. సోడా నీళ్ళలో నాని నాని ఆమె వేళ్ళు ఎప్పుడూ పాలిపోయి, ముడతలు పడి ఉండేవి. అక్షరం ముక్క రాదు. శుభ్రం విషయంలో మాత్రం ఆమెతో పడలేం. ఇంట్లో మరక కనబడితే అది పోయేదాకా ఆమెకు తిండి సయించదు.

డెబ్బైల చివర్లో నేను ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ పూర్తిచేసి రీసెర్చ్‌లో చేరాను. మా వాడకట్టులో ఎవరైనా "నీ బిడ్డ ఏం జదువుతాంది?" అని అడిగితే బాపు "పెద్ద సదువు" అని ఊరుకునేవాడు. అంతకు మించి ఆయనకు తెలియదు. తెలిసేలా నేనూ చెప్పలేదు.

నా గైడ్‌ను సార్ అనే అంటాను, ఇప్పటికీ వేరే మాట రాదు. ఆయన రెండేళ్ళు విదేశంలో ఉండి వచ్చారు. వస్తూ ఒక చెక్కపెట్టె తెచ్చారు. లోపల ముఖమల్ గుడ్డ పరిచి, గాడుల్లో నిలబెట్టిన గాజు పలకలు. పెద్ద టెలిస్కోపులో ఫిల్ముకు బదులుగా వాడే ఫొటో ప్లేట్లవి. అక్కడి అబ్జర్వేటరీవాళ్ళు చూసి తిరిగివ్వమని అరువుగా ఇచ్చారు. నెగెటివ్‌లు కాబట్టి ఆకాశం తెల్లగా, చుక్కలు నల్లగా ఉంటాయి. మొదటిసారి ఒక ప్లేటును వెలుతురుకు పట్టి చూసినప్పుడు, సిగ్గుపడకుండా చెప్తున్నాను, నాకు మిఠాయి దుకాణం అద్దాల బీరువా గుర్తొచ్చింది. ఈగలు వాలి వాలి నల్ల మచ్చలు చేసిన అద్దం ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది.

సార్ పాఠం బాగా చెప్పేవారు, అది ఒప్పుకోవాలి. దూరం నుంచి వెలుగు మన దగ్గరికి రావడానికి టైం పడుతుంది, కాబట్టి ఎంత దూరం చూస్తే అంత పాత సంగతి చూస్తాం అని చెప్పారు. నాకు వెంటనే భీవండిలో పవర్‌లూమ్ మీద పనిచేసే మా అన్న గుర్తొచ్చాడు. అన్నకు జ్వరమని కార్డు వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. తీరా చూస్తే అది రాసిన నాలుగో రోజుకే జ్వరం తగ్గి, మాకు కార్డు అందేసరికి అన్న డ్యూటీలో ఉన్నాడు. ప్లేటు మీది ప్రతి మచ్చా అలాంటి కార్డే. అన్నిటికంటే మసకగా ఉన్నవి అన్నిటికంటే దూరపువి, అన్నిటికంటే పాత కబురు తెచ్చినవి. ఆ వెలుగు బయల్దేరినప్పుడు మనం నిలబడ్డ ఈ భూమి కూడా ఇంకా లేదు.

నా పని లెక్కపెట్టడం. ఆకాశంలో ఒక ముక్క తీసుకొని, అందులో ఎంత మసకవి ఎన్ని ఉన్నాయో రాయాలి. అంచు తెగ్గోసినట్టుంటే అది నక్షత్రం. అంచు నూగుగా, పత్తి పింజలా ఉంటే అది గెలాక్సీ. డిపార్ట్‌మెంటులో మంచి మైక్రోస్కోపు ఒకటుండేది గానీ అది తాళం వేసిన బీరువాలో ఉండేది, తాళం పెద్ద ప్రొఫెసర్ దగ్గర ఉండేది, పెద్ద ప్రొఫెసర్ ఎప్పుడూ మీటింగులో ఉండేవాడు. నాలుగు రోజులు తిరిగి విసుగొచ్చి, బాపు భూతద్దం తెచ్చుకున్నాను. అంగుళం కిటికీ, కింద మచ్చలు. పోగులకు అలవాటు పడ్డ కళ్ళకు అదేమంత కష్టం కాలేదు.

ఒక సెమినార్‌లో ఎలా లెక్కపెడుతున్నావని ఎవరో అడిగితే, దాపరికం ఎందుకని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. భూతద్దం చేతిలో పట్టుకొని చూపించాను కూడా. ముందు వరసలో ఒకరు నవ్వారు, ఆ నవ్వు వెనక వరస దాకా పాకింది. సార్ కూడా నవ్వారు. "ఇది మగ్గం కాదమ్మా, కాస్మాలజీ" అన్నారు. మా ఇల్లు ఏమిటో, మా కులం ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు కాబట్టి ఆ మాటకు ఇంకా పెద్ద నవ్వు వచ్చింది. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఒకటి నిశ్చయించుకున్నాను. ఇంటి మాట అక్కడ ఎత్తను, అక్కడి మాట ఇంట్లో ఎత్తను. ఆత్మాభిమానమని అప్పట్లో దానికి పేరు పెట్టుకున్నాను.

లెక్క మాత్రం ఆపలేదు. మసక పెరిగేకొద్దీ గెలాక్సీలు ఎన్నెన్ని ఉండాలో సార్ ముందే ఒక గీత గీసి పెట్టుకున్నారు. మొదటి ప్లేటు పూర్తయ్యేసరికి నా చుక్కలు ఆ గీతను వదిలి పైకి పోయాయి. అన్నిటికంటే పాతవి ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉన్నాయి. అంటే లోకం చిన్నప్పుడు గెలాక్సీలు ఇప్పటిలా లేవు, ఇంకా ఎక్కువ వెలుగుతో ఉండి ఉంటాయి. కాగితం చూసి సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇవి గెలాక్సీలు కావమ్మా. ప్లేటు మీద పూసిన మందులో మచ్చలు. నువ్వు అవి కూడా కలిపి లెక్కపెట్టేశావు."

"కాదు సార్. అంచు చూసే రాసిన."

"అయితే రెండో ప్లేటు చెయ్యి. ఆకాశం అదే, తీసిన రాత్రి వేరు. అక్కడ కూడా అవే చోట్ల ఉంటే ఒప్పుకుంటాను."

ఆ మాటలో న్యాయముంది. పూత మచ్చ రెండు ప్లేట్ల మీద ఒకే చోట పడదు. రెండో ప్లేటు నా లెక్కను ఒప్పుకుంటే నాకు పీహెచ్‌డీ వస్తుంది, నవ్వినవాళ్ళ నోళ్ళు మూతపడతాయి. ఒప్పుకోకపోతే మూడేళ్ళు మచ్చలు లెక్కపెట్టిన పిచ్చిదాన్నవుతాను. నా బతుకు ఆ రెండు గాజు పలకల మీద నిలబడింది.

అది దసరా ముందు నెల. క్యాంపస్‌లో రెండు విద్యార్థి గుంపులు కొట్టుకున్నాయి, రాళ్ళు పడ్డాయి, పోలీసులొచ్చారు, హాస్టళ్ళు ఖాళీ చేయించారు. ఆ రోజుల్లో మాకది కొత్త కాదు. నిరవధికంగా మూసేస్తున్నామని నోటీసు అంటించారు. సార్ పెట్టెలోంచి ఆ రెండు ప్లేట్లు తీసి నా చేతిలో పెట్టారు.

"ఇక్కడ కిటికీ అద్దం ఒక్కటి కూడా మిగిలేలా లేదు. ఈ రెండూ ఇంటికి పట్టుకెళ్ళు. సెలవుల్లో పని పూర్తి చెయ్యి. జాగ్రత్త."

కాగితం లేదు, సంతకం లేదు. సార్‌ను సంతకం అడిగే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికుంది? జంపఖానా ముక్కలో చుట్టి, ఒళ్ళో పెట్టుకొని రిక్షాలో తెచ్చాను.

ఇంట్లో అడుగుపెట్టగానే అవ్వ చూసింది. "ఏందియి బిడ్డా?" అని అడిగింది. ఆ క్షణం నాకు బాగా గుర్తు. చేతిలో కండె పట్టుకొని, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నాకు సెమినార్‌లో నవ్వులు గుర్తొచ్చాయి. ఈమెకు ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలి, చెప్తే మాత్రం ఏం అర్థమవుతుంది అనిపించింది.

"ఏం లేదు. ఉత్త అద్దాలు," అన్నాను.

ముట్టొద్దని కూడా చెప్పలేదు. గూట్లో పెట్టి తెర వేశాను.

రోజూ పొద్దున వెనక గది కిటికీ దగ్గర తెల్ల కాగితం పరిచి, పైన ప్లేటు పెట్టి, అంగుళం అంగుళం లెక్కపెట్టుకుంటూ పోయాను. మొదటి ప్లేటు మీద గెలాక్సీ అని రాసుకున్న ప్రతి చోటుకూ వెళ్ళి చూశాను. ఉంది. మరొకటి చూశాను. ఉంది. పది రోజులకు సగం ప్లేటు అయింది. పూత మచ్చలు అనడానికి నాలుగైదు తప్ప ఏమీ లేవు. ఆ పొద్దు నాకు కాలు నేల మీద నిలవలేదు. మిగతా సగం అయ్యేదాకా ఆగవచ్చు కదా! ఆగలేదు. నోట్‌బుక్ చంకలో పెట్టుకొని, సార్‌కు చూపించాలని హన్మకొండకు బయల్దేరాను. ఆ తొందరలో ప్లేట్లు గూట్లో పెట్టాను గానీ తెర వేయలేదు.

సార్ ఇంటికి తాళం వేసి ఉంది. పండగకు ఊరెళ్ళారని పక్కింటివాళ్ళు చెప్పారు. కాసేపు అరుగు మీద కూర్చొని, ఎండలో నడిచి వెనక్కి వచ్చాను.

మా పెరట్లో దేవుని పటాలన్నీ దించి గోడకు ఆనించి ఉన్నాయి. దసరాకు ముందు ప్రతి ఏడూ వాటిని దించి, తుడిచి, మళ్ళీ పెట్టడం అవ్వ పద్ధతి. ఆ వానాకాలం కప్పు పెంకులు జారి పడి రెండు పటాల అద్దాలు పగిలాయి, అవి అలాగే అద్దం లేకుండా ఉన్నాయి. అవ్వ పొయ్యి పక్కన పీట మీద కూర్చొని ఉంది. ఆమె చేతిలో నా ప్లేటు ఉంది. దాంట్లోంచి పెరడంతా కనబడుతోంది.

"జూడు బిడ్డా, ఎట్ల మెరుస్తానయో! ఈగలు మొత్తం ఖరాబు జేసి పెట్టినయి. బట్టతోని తుడిస్తే పోలే. నూలు ఉడ్కబెట్టిన సోడా నీళ్ళల్ల ఏస్తే పొరకు పొర లేసొచ్చింది. మన పటాలకు కొల్చి కోసినట్టే సరిపోతానయి!"

రెండోది అప్పటికే కడిగి ఎండకు పెట్టింది. గాబు పక్కన నీళ్ళలో మీగడలాంటి నల్ల తునకలు తేలుతున్నాయి. వాటిని చేత్తో ఎత్తబోయాను, వేళ్ళ మధ్య కరిగిపోయాయి.

నేనేం అన్నానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. మరిచిపోవాలని చాలా చూశాను. "బోళ్ళు తోముడు, నూలు ఉడ్కబెట్టుడు తప్ప నీకేం తెలుసు? నువ్వేం జేసినవో సచ్చేదాంక నీకు సమజ్ గాదు!" అని వాడకట్టంతా వినబడేలా అరిచాను. బాపు మగ్గం గుంటలోంచి లేచొచ్చి వాకిట్లో నిలబడిపోయాడు. అవ్వ ప్లేటును మెల్లగా పీట మీద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"కొత్తయి కొనుక్కొద్దామా బిడ్డా? చౌరస్తల అద్దాల దుకాణం ఉన్నది," అంది.

నేను నవ్వాను. సెమినార్‌లో వాళ్ళు నవ్వినట్టే నవ్వాను.

సెలవులైపోయాక సార్ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన ముఖం తెల్లబోయింది. అరువుకిచ్చినవాళ్ళకు జవాబు చెప్పుకోవాలి. వారం తిరిగేసరికి ముగ్గురు పెద్దమనుషుల కమిటీ వేశారు. ఆ గదిలో సార్ నా వైపు చూడకుండా, "నాకు చెప్పకుండా తీసుకెళ్ళిందండి" అన్నారు. నేను నోరు తెరిచాను. "కాగితం ఏమైనా ఉందా?" అని ఒకాయన అడిగాడు. తెరిచిన నోరు మూసుకున్నాను. బయట వరండాలో సార్ నాకు ఎదురొచ్చి, "నా ఉద్యోగం కూడా చూసుకోవాలి కదమ్మా" అన్నారు. ఎంత మర్యాదగా అన్నారంటే, నేను "సరే సార్" అన్నాను. ఆ "సరే సార్" గుర్తొస్తే నన్ను నేనే చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

రీసెర్చ్‌లోంచి నా పేరు తీసేశారు. నోట్‌బుక్ నా దగ్గరే ఉండిపోయింది. ఎవరూ అడగలేదు, ఎందుకు అడుగుతారు? ప్లేటు లేని లెక్కను ఎవరు నమ్ముతారు? తర్వాత ఒక జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. కాంతివేగం ఎంతో బోర్డు మీద రాసి, పిల్లలతో బట్టీ పట్టించాను.

కడిగిన అద్దాలు రెండూ నెల రోజులు కిటికీలోనే ఉన్నాయి. అవ్వ ముట్టలేదు, నేను ముట్టలేదు. ఒకరోజు బాపు ఏమీ అనకుండా వాటిని పటాలకు బిగించి గోడకు పెట్టాడు.

అవ్వ మారిపోయింది. నా చీర ఉతకాలన్నా, నా పుస్తకం పక్కకు జరపాలన్నా, చివరికి నా టిఫిన్ డబ్బా కడగాలన్నా "ఇది ముట్టొచ్చునా బిడ్డా?" అని అడిగేది. కన్న బిడ్డ వస్తువు ముట్టడానికి తల్లి భయపడేది. నాకు కోపం తగ్గింది గానీ, తగ్గిందని ఆమెకు చెప్పలేదు. ప్రతి దసరాకు పటాలు దించి, ఆ రెండింటి దగ్గర ఆగి, "ఈటిని తుడ్వాల్నా, వద్దా?" అని అడిగేది. "నీ ఇష్టం" అని మొహం తిప్పుకొని వెళ్ళిపోయేదాన్ని. ఇలా నాలుగైదు దసరాలు గడిచాయి.

ఎనభైల నడుమ ఒక మధ్యాహ్నం లైబ్రరీకి వెళ్ళాను. విదేశీ జర్నళ్ళు ఓడలో వచ్చేవి కాబట్టి అక్కడి కొత్త సంగతి మాకు పాతబడి అందేది. ఒక సంచిక తిరగేస్తుంటే గ్రాఫ్ కనబడింది. ఎవరో, ఎక్కడో, మంచి ప్లేట్ల మీద, మెషీన్లతో మసక గెలాక్సీలను లెక్కపెట్టారు. వాళ్ళ చుక్కలు కూడా గీతను వదిలి పైకి పోయాయి. ఇంటికెళ్ళి నోట్‌బుక్ తెచ్చి పక్కన పెట్టి చూశాను. నావి వాళ్ళ వాటి పక్కపక్కనే నడిచాయి. సంతోషపడాలి. నోట్‌బుక్ మూసి సంచీలో పెట్టుకున్నాను. ఆ సంచిక సార్ కూడా చూసే ఉంటారు. నాకు ఒక కార్డు ముక్క రాలేదు.

ఇంటికి వచ్చేసరికి అవ్వ పటాలు దించుతోంది. మళ్ళీ దసరా. తడిగుడ్డ పట్టుకొని మార్కండేయుని ముందు నిలబడి ఉంది.

"ఈటిని తుడ్వాల్నా?"

ఎందుకో ఆ రోజు మొహం తిప్పుకోలేకపోయాను. ఆమెను పీట మీద కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాను.

"అవ్వా, ఈ అద్దాల మీద మచ్చలుండె గదా. అవేందో తెలుసా?"

"ఈగలయి గావా?" అంది భయంగా.

"కావు. భీవండిల అన్నకు జరమొచ్చిందని కార్డొచ్చింది, యాదికున్నదా? మనం ఏడ్సుకుంట కూసున్నం."

"ఎందుకు లేదు! గప్పటికే వాడు లేసి డ్యూటికి వోయిండు. కార్డుల జరం కార్డులనే ఉండె."

"ఆ మచ్చలు గూడ గసొంటి కార్డులే. శానా దూరంకెల్లి వచ్చిన వెలుగు. అది బయలెల్లినప్పుడు మనం లేం, ఓరుగల్లు కోట లేదు, ఈ భూమే లేదు."

అవ్వ పటాన్ని తన వైపు తిప్పుకొని అద్దంలోకి చూసింది.

"ఏం రాసుండె అండ్ల?"

"లోకం చిన్నగున్నప్పుడు ఎట్లుండెనో రాసుండె. ఇప్పటి లెక్క లేకుండె, ఇంకా వెలుగు ఎక్కువుండె. ఆ సంగతి అందరికంటే ముందుగాల నాకు తెలిసేటట్టుండె."

అంతే. ఆమె చేతిలో తడిగుడ్డ కూడా ఆరలేదు. అర్థం కాదనుకొని ఇన్నేళ్ళు దాచిన సంగతి అయిదు నిమిషాల్లో అయిపోయింది. అవ్వ తన వేళ్ళను తిప్పి తిప్పి చూసుకుంది.

"గంత దూరంకెల్లి నడిసొచ్చి, నా చేతులల్ల వడి పాయెనా!" అంది. తర్వాత తలెత్తి నన్ను చూసింది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"అప్పుడే జెప్తే నేను ముడుతుంటినా బిడ్డా?"

ఇన్నేళ్ళూ తలలో సార్‌తోనే పోట్లాడుతూ వచ్చాను. ఆమె చేతిలోంచి గుడ్డ తీసుకొని అద్దం నేనే తుడిచాను. దాని మీద ఏడాదిగా వాలిన ఈగల మచ్చలు నాలుగైదు ఉన్నాయి. ఒక్క తుడుపుకే పోయాయి.